ఆరో గంటలో కాలు ఏమంటుంది: మౌంటెన్ బైక్ మారథాన్ షూల సమీక్ష

బెంగళూరులో మౌంటెన్ బైక్ షూ కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందుగా అడిగేది "సోల్ ఎంత గట్టిది?" అని. కేటలాగులో దానికో అంకె ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. దూరపు రేసులకు మాత్రం అది నాలుగో ప్రశ్న. ముందు పాదం వెడల్పు, తర్వాత మడమ పట్టు, ఆ తర్వాత ఆ షూతో నడవగలగడం. ఈ మూడూ కుదిరాక చేతిలో డబ్బు మిగిలితే గట్టిదనం. ఈ వరస తలకిందులైతే ఎంత ఖరీదైన కార్బన్ సోలైనా ఎనభయ్యో కిలోమీటరు దగ్గర విప్పి పారేయాలనిపిస్తుంది.

దూరపు రేసు అంటే ఎంత దూరం? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధనల్లో క్రాస్ కంట్రీ మారథాన్ అంటే 60 నుంచి 160 కిలోమీటర్లు. దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరుగుతున్న కేప్ ఎపిక్ ఎనిమిది రోజులు సాగుతుంది. మన హిమాచల్ స్టేజ్ రేసులూ రోజుల తరబడి ఉంటాయి. బెంగళూరు శివారు అవలహళ్ళిలో పొద్దున్నే రెండు గంటలు తిరిగి ఇడ్లీ తినడానికి వెళ్ళేవాళ్ళకు ఏ షూ అయినా బాగానే ఉంటుంది. తేడా తెలిసేది నాలుగు గంటలు దాటాకే. పాదం ఉబ్బుతుంది, తడుస్తుంది, మడమ రాసుకుంటుంది. స్టేజ్ రేసులో ఆ దెబ్బ తిన్న పాదంతోనే మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. పైగా మారథాన్ దారిలో తొక్కలేని చోట్లు తప్పవు. నిట్టనిలువు ఎర్రమట్టి గట్టు, బండలు పరుచుకున్న ఏటవాలు, వాగు. అక్కడ దిగి సైకిల్ తోసుకుంటూ, ఒక్కోసారి భుజాన వేసుకుని నడవాలి. కాబట్టి ఇది సగం సైకిల్ షూ, సగం కొండెక్కే షూ అయి ఉండాలి.

రోడ్డు సైకిల్ షూలు ఉన్నవాళ్ళు వాటితోనే సరిపెట్టుకోవచ్చా అని తరచూ అడుగుతుంటారు. కుదరదు. వాటి మూడు బోల్టుల క్లీట్ (షూను పెడల్‌కు పట్టించే ముక్క) సోల్ బయటికి పొడుచుకుని ఉంటుంది. నడిస్తే అరుగుతుంది, బండ మీద జారుతుంది, మట్టి పడితే పెడల్‌కు పట్టదు. ఇక్కడ కావలసింది రెండు బోల్టుల క్లీట్. జపాన్ కంపెనీ షిమానో 1990లో ఎస్‌పీడీ పేరుతో తెచ్చిన పద్ధతి ఇదే. ఇందులో క్లీట్ చిన్నది, రెండు రబ్బరు గట్ల మధ్య గుంటలో కూర్చుంటుంది. క్రాంక్ బ్రదర్స్, టైమ్ కంపెనీల మౌంటెన్ బైక్ పెడల్స్ క్లీట్లు వేరైనా బోల్టు రంధ్రాలు ఇవే, కాబట్టి ఏ మౌంటెన్ బైక్ షూకైనా పడతాయి.

ఇక కొలతలు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆఫీసు షూ నంబరు చెప్పి ఆన్‌లైన్లో తెప్పించుకోవద్దు. ఒక ఏ4 కాగితాన్ని నేల మీద గోడకు ఆనించి, మడమ గోడకు తగిలేలా నిలబడి, బరువంతా ఆ కాలి మీద వేసి, అన్నిటికంటే పొడవైన వేలి దగ్గర గీత గీయండి. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. షిమానో పట్టికలో 41 నంబరు 25.8 సెంటీమీటర్లకు, 42 నంబరు 26.5కు, 43 నంబరు 27.2కు. అంటే ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా ఏడు మిల్లీమీటర్లే. దూరపు రేసుకు వేళ్ళ ముందు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల జాగా ఉండాలి. అది లేకపోతే దిగుడులో పాదం ముందుకు జారి గోళ్ళు నల్లబడతాయి.

కొలిచే వేళ కూడా ముఖ్యమే. పొద్దున్నే కొలిస్తే పాదం చిన్నది, సాయంత్రానికి ఉబ్బుతుంది. ఆదివారం ఉదయం నంది కొండ ఎక్కి దిగిన రోజు సాయంత్రమే దుకాణానికి వెళ్ళడం మేలు. రేసులో వేసుకునే సాక్సే తీసుకెళ్ళండి. నూలు సాక్స్ వద్దు, తడిస్తే ఆరదు, బొబ్బలకు మొదటి కారణం అదే. సింథటిక్ లేదా మెరినో ఉన్ని మంచిది.

వెడల్పుకు ఒక పరీక్ష ఉంది, దుకాణంలో రెండు నిమిషాల పని. షూ లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. బొటనవేలి కణుపు దగ్గర గానీ చిటికెనవేలి కణుపు దగ్గర గానీ పాదం ఇన్‌సోల్ అంచు దాటి బయటికి వస్తే ఆ షూ మీకు ఇరుకు. తొడిగినప్పుడు మెత్తగా, సుఖంగానే అనిపించవచ్చు, పై గుడ్డ సాగుతుంది కాబట్టి. సోల్ మాత్రం సాగదు. ఏళ్ళ తరబడి చెప్పులు, శాండిల్స్‌లో తిరిగిన పాదం ముందు భాగం విచ్చుకుని ఉంటుంది. మనవాళ్ళలో ఇది మామూలే. అలాంటివాళ్ళు చేసే పొరపాటు, వెడల్పు కోసం ఒక నంబరు పెద్దది కొనడం. అలా కొంటే మడమ లేస్తుంది, క్లీట్ రంధ్రాలు పాదం కణుపుల కంటే ముందుకు పోతాయి, ఎంత వెనక్కి జరిపినా చాలదు. షిమానో చాలా మోడళ్ళలో అదే నంబరులో వైడ్ రకం చేస్తుంది. దుకాణంలో లేకపోతే తెప్పించమనండి. వారం ఆగినా నష్టం లేదు.

మడమకు పరీక్ష మెట్ల మీద. దుకాణం మెట్లు పది ఎక్కి దిగండి, ఒక మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమ ఎత్తండి. గట్టి సోల్ వంగదు కాబట్టి మడమ కొద్దిగా లేవడం సహజం. లేచి పక్కకు కూడా కదులుతుంటే మాత్రం ఆ షూ వదిలేయండి. రేసులో అరగంట సైకిల్ తోసుకుంటూ ఎక్కితే ఆ కదలికే మడమ వెనక చర్మం ఊడదీస్తుంది.

ఇప్పుడు షూల సంగతి. బెంగళూరులో కాలికి తొడిగి చూసి కొనగలిగేవి ప్రధానంగా షిమానో, స్పెషలైజ్డ్, డెకథ్లాన్ వారి రాక్‌రైడర్. మిగతా కంపెనీల షూలు కనిపించినా మీ నంబరు, అందులో మీ వెడల్పు దొరకడం అదృష్టాన్ని బట్టి.

షిమానో ఎక్స్‌సీ3 మా మొదటి సిఫారసు. గాజు పీచు కలిపిన నైలాన్ సోల్, పైన ఒక బోవా డయల్ (తిప్పితే సన్నని తీగ బిగిసే బిళ్ళ), ముందు వేళ్ళ వైపు ఒక వెల్క్రో పట్టీ. షిమానో గట్టిదనం కొలమానం 12 వరకు ఉంటుంది, ఇది దాని మధ్యలో ఉంటుంది. తొక్కుతుంటే మెత్తగా అనిపించదు, నడుస్తుంటే చెక్కలా అనిపించదు. మొదటి మారథాన్‌కు ఇంతకన్నా ఖర్చు పెట్టనక్కర్లేదు. లోపం ఇన్‌సోల్: పల్చన, పాదం వంపుకు ఆసరా తక్కువ. ఐదు గంటలు దాటే రేసుకు వెళ్ళేవాళ్ళు మంచి ఇన్‌సోల్ విడిగా కొని వేసుకోవడం నయం. అది వేశాక జీను ఎత్తు మళ్ళీ చూసుకోవాలి. మందం రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగినా మోకాలికి తెలుస్తుంది.

ఎక్స్‌సీ5లో నైలాన్‌కు కార్బన్ పీచు కలుస్తుంది, బిగించే పద్ధతి దాదాపు అదే. ఎక్స్‌సీ3 నుంచి దీనికి మారినా ఎక్కుడులో తేడా పెద్దగా అందదు. దీన్ని కొనడానికి అసలు కారణం పై భాగం: గాలి బాగా ఆడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కనకపుర వైపు దుమ్ము దారుల్లో అది చిన్న విషయం కాదు.

ఎక్స్‌సీ7లో కార్బన్ సోల్, రెండు డయళ్ళు. మారథాన్లు క్రమం తప్పకుండా చేసేవాళ్ళకు ఖర్చు పెట్టదగ్గ హద్దు ఇదే అనుకుంటాం. రెండో డయల్ విలువ ఆరో గంటలో తెలుస్తుంది. పాదం ఉబ్బినప్పుడు ముందు భాగం మాత్రమే వదులు చేసి మడమ వైపు బిగువు అలాగే ఉంచుకోవచ్చు. ఒక్క డయల్ ఉన్న షూలో ఆ పని వెల్క్రో పట్టీ చేయాలి.

ఎక్స్‌సీ9 షిమానో రేసు షూలలో అన్నిటికంటే పైది. గట్టిదనం 11. మడమ దగ్గర మెలి తిరగకుండా అదనపు బిగింపు, రెండు వైపులా తిప్పగలిగే డయళ్ళు. గంటన్నరలో ముగిసే క్రాస్ కంట్రీ రేసుకు అద్భుతం. మారథాన్‌కు మాత్రం దీన్ని సిఫారసు చేయం, పోడియం కోసం పోరాడేవాళ్ళకు తప్ప. ఈ గట్టిదనంతో బండల మీద నడుస్తుంటే పాదానికి నేల తెలియదు. రాళ్ళ దారిలో అదురు సోల్ మింగదు, నేరుగా అరికాలికి చేరుతుంది. ఒక జత ధరకు ఎక్స్‌సీ3 రెండు జతలు పైనే వస్తాయి. ఆ రెండో జత తడిసిన రోజున ఎంత పనికొస్తుందో స్టేజ్ రేసు చేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

చాలామంది చూడకుండా దాటేసేది షిమానో ఎంఈ వరస. ట్రెయిల్ (అడవి దారులు), ఎండ్యూరో (దిగుడు పోటీలు) షూలుగా అమ్ముతారు కాబట్టి రేసు కోసం వచ్చినవాళ్ళు వాటి అర దగ్గరికి వెళ్ళరు. బరువు కాస్త ఎక్కువ. కానీ మధ్య సోల్ మడమ వైపు కొద్దిగా మెలి తిరిగేలా చేస్తారు, అడుగున రబ్బరు ధారాళంగా ఉంటుంది, వేళ్ళ ముందు రాయి తగిలితే ఆపే గట్టి కప్పు ఉంటుంది. హిమాచల్ లాంటి చోట, రోజుకు గంటో రెండు గంటలో నడక తప్పదనుకున్న రేసుకు, మధ్య వరసలో వచ్చేవాళ్ళకు ఎక్స్‌సీ7 కన్నా ఎంఈ5 మేలు. బరువు పెరిగితే వేగం పోతుందన్న భయం ఉంటే, దాన్ని బొబ్బలతో కుంటుతూ నడిచే వేగంతో పోల్చి చూడండి.

స్పెషలైజ్డ్ రీకాన్ షూలలో పాదం ముందు భాగాన్ని లోపలి వైపు 1.5 మిల్లీమీటర్లు పైకెత్తే వాలు, వంపు కింద ఆసరా ముందే ఉంటాయి. మోకాలు లోపలికి వాలేవాళ్ళకు ఇది బాగా కలిసొస్తుంది. చిటికెనవేలి వైపు ఒత్తిడి పడే పాదాలకు అదే ఇబ్బంది. పదిహేను నిమిషాలు వేసుకుని దుకాణంలోనే అటూ ఇటూ తిరగనివ్వమని అడగండి.

మారతహళ్ళి, బెళ్ళందూరు పీజీల్లో ఉండే కుర్రాళ్ళు నేరుగా సర్జాపూర్ రోడ్డు డెకథ్లాన్‌కు వెళతారు. రాక్‌రైడర్ షూలు ధరకు తగ్గవి. మొదటి క్లీట్ షూగా, సాధనకు మంచివి. మొదటి 60 కిలోమీటర్ల రేసుకూ సరిపోతాయి. చూడాల్సింది అడుగు గట్లు: గోరుతో నొక్కితే కొంచెం దిగాలి. అసలు దిగకపోతే అది గట్టి ప్లాస్టిక్, తడి బండ మీద పట్టు ఉండదు.

సోల్ అడుగు సంగతి మన ఊరికి మరీ ముఖ్యం. తురహళ్ళి నుంచి రామనగర, సావనదుర్గ వరకు చాలావరకు గ్రానైట్ బండలే. ఎండిన గ్రానైట్ మీద మెత్తని రబ్బరు అతుక్కుంటుంది, ప్లాస్టిక్ గట్టు జారుతుంది. మెత్తని రబ్బరు తొందరగా అరుగుతుందన్న మాట నిజమే, అయినా ఆ బేరం మంచిదే. మునివేళ్ళ దగ్గర బిగించే ఇనుప ముళ్ళు వానాకాలం సకలేశపుర, చిక్కమగళూరు మట్టిలో ఉపయోగం. బండ మీద అవే జారుడుబల్ల. బెంగళూరు చుట్టుపక్కలకు తీసి పెట్టెలో పెట్టండి, ఆ రంధ్రాల్లో మట్టి పట్టకుండా తోడు ఇచ్చిన బిరడాలు బిగించండి.

ఇంకో చోటు చాలామంది తిప్పి చూడరు: పాదం వంపు కింద, క్లీట్‌కూ మడమకూ మధ్య. కొన్ని ఖరీదైన షూలలో అక్కడ నున్నటి కార్బన్ తప్ప ఏమీ ఉండదు. ఎక్కుడు మధ్యలో కాలు పెట్టి మళ్ళీ బయల్దేరేటప్పుడు క్లీట్ వెంటనే పట్టదు, వంపుతోనే రెండు చుట్లు తొక్కాలి. అక్కడ రబ్బరు లేకపోతే కాలు జారి పిక్కకు పెడల్ తగులుతుంది. అక్కడ కనీసం ఒక రబ్బరు పట్టీ అయినా ఉన్నదే కొనండి.

బిగింపుల గురించి క్లుప్తంగా. బోవా డయల్ సౌకర్యం, బురదలోనూ పనిచేస్తుంది. ఎల్6 రకం బిగించేటప్పుడు ఒక్కో క్లిక్కు తిరుగుతుంది, వదులు చేయాలంటే పైకి లాగి మొత్తం విప్పాల్సిందే. ఎల్ఐ2 రకం రెండు వైపులా ఒక్కో క్లిక్కు కదులుతుంది. డయళ్ళకు, తీగలకు బోవా కంపెనీ ఆ షూ ఉన్నన్నాళ్ళూ హామీ ఇస్తుంది. కానీ రేసు ముందు రోజు రాత్రి తీగ తెగితే హామీ పత్రం ఏం చేస్తుంది? మీ మోడల్‌కు సరిపోయే తీగ, డయల్ కిట్ ముందే తెప్పించుకుని సంచిలో ఉంచుకోండి. వెల్క్రో తెగదు, కానీ గడ్డి పీచు, మట్టి నిండితే అంటుకోదు. పాత టూత్ బ్రష్‌తో గీకితే మళ్ళీ పనిచేస్తుంది. లేసుల షూ పాదానికి అన్నిటికంటే సమంగా అమరుతుంది, దారి మధ్యలో సర్దుకోవడమే కష్టం.

షూ ఎంత మంచిదైనా క్లీట్ తప్పుగా బిగిస్తే అంతా వృథా. షిమానో నల్ల క్లీట్ ఎస్‌హెచ్51 మడమను పక్కకు తిప్పితేనే వదులుతుంది. వెండి రంగు ఎస్‌హెచ్56 పైకి లాగినా వదులుతుంది. కొత్తవాళ్ళకు రెండోది ధైర్యం ఇస్తుంది కానీ, రాళ్ళ ఎక్కుడులో బలంగా లాగినప్పుడు అనుకోకుండా ఊడి పడేస్తుంది. మారథాన్‌కు నల్లదే వేసి, పెడల్ స్ప్రింగు బిగువు తగ్గించుకోండి. పీడీ-ఎం520 లాంటి పెడల్స్‌కు 3 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలు. స్క్రూలు ఒక్కో పెడల్‌కు రెండు, మొత్తం నాలుగు. క్లిక్కులు లెక్కపెట్టి నాలుగూ సమంగా ఉంచాలి. ఒక వైపు వదులు, ఒక వైపు బిగువు ఉంటే కాలు ఎప్పుడు వస్తుందో ఊహించలేం.

క్లీట్ బిగించే ముందు షూ తొడిగి, బయటి నుంచి తడిమి బొటనవేలి కణుపు, చిటికెనవేలి కణుపు ఎక్కడున్నాయో చూసి షూ పక్కన గుర్తు పెట్టండి. క్లీట్ మధ్య భాగం ఈ రెండు గుర్తుల నడుమ రావాలి. దూరపు రేసుకు చిటికెనవేలి గుర్తు వైపుకు, అంటే వెనక్కి, జరపడం మంచిది. పిక్క, మడమ నరం మీద భారం తగ్గుతుంది, అరికాలి మంట కూడా. క్లీట్ ఐదు మిల్లీమీటర్లు వెనక్కి పోతే జీను కొద్దిగా దించాలి. దించకపోతే నడుము పక్కలకు ఊగుతుంది.

బోల్టు మరలకు గ్రీజు రాసి, 4 మిల్లీమీటర్ల కీతో రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. షిమానో చెప్పే బిగువు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. వదులైతే అసలు ప్రమాదం: కాలు తిప్పితే షూ తిరుగుతుంది, క్లీట్ మాత్రం పెడల్‌లోనే ఉంటుంది, సైకిల్‌తో పాటు పక్కకు పడతారు. మొదటి సవారీ తర్వాత తప్పకుండా మళ్ళీ బిగించి చూడాలి. గట్లు ఎత్తుగా ఉన్న కొత్త షూలో క్లీట్ పెడల్‌కు అందకపోతే స్ప్రింగును తిట్టకండి. గట్టు పెడల్‌కు ఆనుతోందేమో చూసి, ఆనే చోట కత్తితో కొద్దిగా చెక్కేయండి, లేదా క్లీట్ కింద పలుచని స్పేసర్ వేయండి.

అరికాలు మంట, వేళ్ళ తిమ్మిరి ఎంతో మందిని రేసు వదిలించే జబ్బులు. నొప్పి రాగానే షూ మార్చేయక ఒక వరసలో చూడండి. ముందు భాగం బిగింపు కొంచెం వదులు చేస్తే తగ్గిందా? తగ్గితే అది వెడల్పు సమస్య. వదులు చేసినా తగ్గకపోతే క్లీట్ మరో మూడు మిల్లీమీటర్లు వెనక్కి. అప్పటికీ ఉంటే ఇన్‌సోల్‌లో కణుపుల వెనక చిన్న మెత్త. ఇవన్నీ చేశాక కూడా మూడో వేలు, నాలుగో వేలి మధ్య కరెంటు షాకులా కొడుతుంటే డాక్టరును కలవాల్సిందే.

తడిసిన షూ ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ ఆరబెట్టకూడదు, కారు డిక్కీలో అసలే వదలకూడదు. సోల్ అతికిన జిగురు వేడికే ఊడుతుంది. ఇన్‌సోల్ తీసి, పాత పేపరు ఉండలు చుట్టి లోపల కుక్కి, రెండు గంటలకోసారి మార్చి ఫ్యాను కింద పెట్టండి. క్లీట్ రంధ్రాల మీద అంటించే స్టిక్కర్ ఇస్తే ఇన్‌సోల్ కింద తప్పక అంటించండి, వాగు దాటినప్పుడు లోపలికి వచ్చే నీళ్ళు తగ్గుతాయి.

సగం ధరకు వచ్చే పాత స్టాకు విషయంలో జాగ్రత్త. పాలీయురెథేన్ వాడిన సోళ్ళు ఏళ్ళ తరబడి పెట్టెలోనే ఉన్నా గాలిలోని తేమకు లోపల్నుంచి పెళుసెక్కుతాయి. చూడటానికి కొత్తవే, రెండో సవారీకి ముక్కలుగా రాలతాయి. తయారీ తేదీ అడగండి, సోల్ రెండు చేతులతో పట్టి వంచండి, గట్ల మొదట్లో సన్నని పగుళ్ళు కనిపిస్తే బేరం ఎంత బాగున్నా తిరిగిచ్చేయండి.

కొత్త షూ, కొత్త క్లీట్లు రేసుకు కనీసం మూడు నాలుగు పెద్ద సవారీల ముందే వేసేయాలి. కుదిరిన చోట క్లీట్ చుట్టూ సోల్ మీద చెరగని మార్కర్‌తో గీత గీసి ఉంచండి. దారిలో జరిగినా, ఊడినా నిమిషంలో అదే చోట కూర్చోబెట్టవచ్చు. రెండు క్లీట్ బోల్టులు, 4 మిల్లీమీటర్ల కీ జీను సంచిలో వేసుకోండి. బోల్టుల పొడవు మీ షూకు సరిపోతుందో ఇంట్లోనే ఒకసారి బిగించి చూడండి. పొడవు ఎక్కువైతే ఇన్‌సోల్‌ను పొడుస్తాయి, తక్కువైతే రెండు మరలే పట్టి ఎక్కుడు మధ్యలో ఊడతాయి.